నేనేమీ అనడం లేదు అల్లుడుగారూ

హలో… ఆ, నేనే. చెప్పండి అల్లుడుగారూ. మీ ఫోను కోసమే చూస్తున్నాం. మీ అత్తగారు గుమ్మానికీ గేటుకీ మధ్య తిరిగి తిరిగి చెప్పులు అరగదీసింది. ఆస్పత్రి నుంచి బయల్దేరారా?…

బయల్దేరి ఆగిపోయారా? ఎక్కడ?…

పెద్ద బజారులో. మిట్టమధ్యాహ్నం. పసిగుడ్డును వెనక సీట్లో పెట్టుకుని. బాగుంది. ఏమైంది?…

ఏసీలోంచి వేడిగాలి వస్తోందా. ఊఁ…

లేదు లేదు, నేనేమీ అనడం లేదు. నిట్టూర్చాను, అంతే. నిట్టూర్పు మాట కింద లెక్కకి రాదు. మీ ఆవిడ ఆస్పత్రి మంచం మీద నా చేత ఒట్టు వేయించుకుంది కదా. 'నాన్నా, ఆయన్ని ఒక్క మాట అన్నావంటే నేను మన ఇంటికి రాను, పిల్లని తీసుకుని మా వదిన వాళ్లింటికి పోతాను' అని, అదే, మీ అక్కగారింటికి. అప్పట్నుంచీ నోటికి తాళం వేసుకుని తిరుగుతున్నాను. మీరే చూస్తున్నారుగా…

చూస్తున్నారు. మంచిది.

ముందు పాప సంగతి చెప్పండి… ఏడుస్తోందా. ఏడవదు మరి? ఆ రేకు డబ్బాలో కూర్చోబెడితే నేనూ ఏడుస్తాను. అమ్మడో?… కళ్లు మూసుకుని వెనక్కి వాలిందా. నిద్రపోతోందన్నమాట. లేపకండి. పోనీలెండి, అదీ మంచిదే, మనిద్దరం దాపరికం లేకుండా మాట్లాడుకోవచ్చు…

మీ గొంతేమిటి నూతిలోంచి వచ్చినట్టుంది? ఏదో అంటున్నారు, సరిగా… చేతులు ఖాళీ లేవంటారా? సరే సరే, అదంతా నాకెందుకు. నా మాట మీకు వినబడుతోందా?… బాగా వినబడుతోందా. అదే కావలసింది. మీరు తక్కువ మాట్లాడండి, నేను చెప్పింది చెయ్యండి.

కారు ఎక్కడ ఆపారు?… మూసేసిన కొట్టు పందిరి కింద. తలుపులన్నీ తీసి ఉంచారా. ఊఁ, అంతవరకూ బుద్ధి పనిచేసింది. పొద్దున్నుంచీ ఆస్పత్రిలో ఎక్కడ పెట్టారు కారుని?… ఎండలో. నీడ దొరకలేదా?… నీడంతా అంబులెన్సులకా. ఆహా. మిగతా అల్లుళ్లందరి కార్లూ నడి ఎండలోనే పెట్టారన్నమాట…

అనడం లేదు. అడుగుతున్నాను.

సరే, ఎక్కగానే ఏం చేశారు? అద్దాలు బిగించేసి ఏసీని ఆఖరికి తిప్పేశారు, అంతేగా?… ముందు తలుపులు తీసి లోపలి వేడిని పోనిచ్చారా… తర్వాత అద్దాలు దించి కొంత దూరం నడిపి, అప్పుడు మూశారా. ఎవరు చెప్పారండీ మీకు ఇదంతా?…

కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో చదివారా. కారు పుస్తకం చదివే మనిషిని ఈ జన్మకి ఇవాళ చూశాను. చదువుకున్నవాళ్లు, ఏం చేస్తారు పాపం. మేం చేతులతో నేర్చుకున్నాం.

అల్లుడుగారూ, నా ఉద్యోగమంతా కోల్డ్ స్టోరేజీలో గడిచింది, మీకు తెలుసు… ఇంతకుముందే చెప్పానా? మళ్లీ వినండి. కొండంత బంగాళాదుంపల గుట్టని నడివేసవిలో ఒక్క మొలక రాకుండా కాపాడినవాణ్ణి. దుంపలు నోరు తెరిచి చలేస్తోందనీ చెప్పవు, ఉక్కపోస్తోందనీ చెప్పవు. బస్తాలోకి చెయ్యి పెట్టి తెలుసుకోవాలి. చల్లదనం గురించి నాకు పుస్తకం అక్కర్లేదు. మీకేం, వాతావరణ కేంద్రంలో కూర్చుని రేడియోలో 'రేపు ఎండ తీవ్రంగా ఉండును' అని చదివేస్తారు. వేసవిలో ఎండ ఉంటుందని చెప్పడానికి ఒక ఆఫీసు, ఒక తిరిగే కుర్చీ, గోడ నిండా అద్దాల మిషన్లు. మా పెరట్లో కుక్క గోడ నీడకి జరిగిందంటే మాకు తెలిసిపోతుంది. దానికి జీతం కూడా ఇవ్వం…

తప్పుగా అనుకోకండి. సరదాకి అన్నాను. అయినా మీరు వానొస్తుందని చెప్పిన రోజు నేను గొడుగు ఇంట్లో పెట్టి మరీ వెళ్తాను. ఇంతవరకూ తల తడవలేదు…

ఏమే, ఎందుకలా చేతులూపుతావు? ఏమిటి నోటి మీద వేలు? మాట్లాడుతున్నది అల్లుడితోనే. అమ్మడు నిద్రపోతోందట. నువ్వు వెళ్లి పాప గదిలో తలుపు సరిగ్గా పడిందో లేదో చూడు… మీతో కాదండీ, మీ అత్తగారితో. ఆవిడకి అన్నిటికీ కంగారే.

ఆ, పనిలోకి వద్దాం. డాష్‌బోర్డు మీద కారు బొమ్మ, దాని లోపల గుండ్రంగా తిరిగే బాణం, అలాంటి మీట ఒకటి ఉంటుంది. అది నొక్కారా? నొక్కకపోతే బయటి వేడిగాలే లోపలికి లాక్కుంటుంది. నొక్కి ఉండరు… నొక్కారా. నొక్కినా వేడిగానే వస్తోందా. ఎన్నో నంబరులో పెట్టారు? బాగా చలి నంబరు పెడితే త్వరగా చల్లబడుతుందనుకునే తెలివితక్కువ… మధ్యలో పెట్టారా. ఊఁ.

లోపల గాలి వడపోసే అట్ట ఒకటి ఉంటుంది, ముందు సీటుకి ఎదురుగా ఉండే అర వెనకాల. దుమ్ము పట్టి ఉంటుంది. మీ ఇంట్లో పుస్తకాల మీదే జానెడు దుమ్ముంటుంది, ఇక కారులో అట్ట ఎవరు చూస్తారు… పోయిన నెల మార్చారా. స్వయంగా? స్క్రూడ్రైవర్ ఏ వైపు నుంచి పట్టుకోవాలో కూడా పుస్తకంలో ఉందా?…

నవ్వకండి. పాప ఏడుస్తుంటే నవ్వెలా వస్తోందో.

సరే, ఒకటి అడుగుతాను, ఆలోచించి చెప్పండి. పొద్దున మా ఇంటి నుంచి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఏసీ ఎలా ఉంది?… చల్లగా ఉందా. బాగా చల్లగా ఉందా… అదీ. ఎందుకుందో తెలుసా మీకు? నా చలవ. మీకు చెప్పలేదు లెండి. నిన్న సాయంత్రం మీరు పాపకి దోమతెర కొనడానికి వెళ్లినప్పుడు మీ కారు ముందు వైపు ఒక చిన్న ఏర్పాటు చేశాను. మా కోల్డ్ స్టోరేజీ పద్ధతి. పొద్దున మీరు బయల్దేరేముందు కూడా వెళ్లి ఓసారి చూసుకుని వచ్చాను…

ఏం ఏర్పాటా? ఇప్పుడు చెబితే మీకు అర్థం కాదు, ఇంటికొచ్చాక తీరిగ్గా చూపిస్తాను. దానికీ దీనికీ సంబంధం లేదు. అదే లేకపోతే మీ ఏసీ పొద్దునే చచ్చేది.

ఇప్పుడు చెప్పండి, వేడిగాలి ఎప్పుడు మొదలైంది?… బజారు మలుపు తిరిగాక. అంటే బండి నెమ్మదించాక. దారి ఖాళీగా ఉన్నంతసేపూ కాస్త చల్లగానే వచ్చిందా… వచ్చిందా. అలా చెప్పండి మరి. రోగి తనకేం బాధో చెప్పకపోతే వైద్యుడేం చేస్తాడు… మొదటే చెప్పారా? నాకు వినపడలేదు. గట్టిగా చెప్పి ఉండాల్సింది.

ఇంజను వేడి చూపించే సూది ఎక్కడుంది?… ఎర్ర గీత దగ్గరికి వచ్చిందా. ఇంకా చూస్తారేమిటి, ఇంజను ఆపండి ముందు… ఎప్పుడో ఆపేశారా. సరే, బానెట్ ఎత్తండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకండి, సలసల కాగే నీళ్లు మొహాన కొడతాయి, రేపట్నుంచి మీ ఆఫీసులో ఎండ సంగతి చెప్పడానికి కొత్త మనిషిని వెతుక్కోవాలి… అదీ తెలుసా. సరస్వతీ పుత్రులు మీరు.

ఏసీ వేసినప్పుడు ముందు ఫ్యాను తిరగాలి. తిరిగిందా?… అది కూడా చూశారా. తిరుగుతోంది, టక్కుమని ఏసీ మిషను పట్టుకుంటోంది, కాసేపటికే వదిలేస్తోంది. ఊఁ…

ఆగండి, ఆలోచించనివ్వండి. మీరు ఆలోచించకండి.

గాలి. గాలి ఆడటం లేదు దానికి. అల్లుడుగారూ, కారు ముక్కు దగ్గర, రేడియేటర్‌కి ఎదురుగా ఒక సన్నని రేకుల జాలీ ఉంటుంది. ఏసీలో వేడంతా అక్కడికొచ్చి బయటి గాలికి పోతుంది. మనకి ముక్కెలాగో దానికి ఆ జాలీ అలాగ. ముక్కు మూస్తే మనిషయినా మిషనయినా ఒకటే. వంగి చూడండి, దానికి ఏమన్నా అడ్డం పడిందేమో. రోడ్డు మీద ఎగిరే ప్లాస్టిక్ సంచో, కాగితమో… వంగితే నడుము విరగదు, చూడండి…

ఉందా? చూశారా, ఫోనులో కూర్చుని చెప్పాను. ఇంట్లో కుర్చీ దిగకుండా చెప్పాను. పక్కనే ఉన్న మీకు కనబడలేదు.

ఏముంది?… మందంగా ఏదో గుడ్డలాంటిదా. గుడ్డ అక్కడికెలా పోతుంది?… తాడుతో కట్టి ఉందా! నాలుగు మూలలా ముడులేసి? అంటే ఎగిరొచ్చింది కాదన్నమాట. ఎవడో పనిగట్టుకుని కట్టాడు.

ఎవడండీ ఆ బుద్ధిలేనివాడు? మీరు సర్వీసుకిస్తారే, ఆ షెడ్డువాడే అయి ఉంటాడు. కారు ముక్కుకి గుడ్డ చుట్టి, ఊపిరి తీసుకో అంటే ఎలా తీసుకుంటుంది? తలకాయలో మట్టి ఉన్నవాడికి కూడా ఇలాంటి ఆలోచన రాదు. వాడి సంగతి సరే, వాడు పుట్టుకతోనే అంత. మీ కళ్లేమయ్యాయి? పొద్దున బండి తీసేముందు చుట్టూ ఒక్కసారి తిరిగి చూసుకోరా? పిల్లని ఎక్కించుకునే మనిషికి ఆ మాత్రం ఒళ్లు తెలియొద్దా? మా అమ్మాయి ఏం చూసి… సరే, అది వద్దులెండి. ఆ కట్టినవాణ్ణి మాత్రం వదలకూడదు. వాణ్ణి పట్టుకొచ్చి నడిరోడ్డులో ఈ ఎండకి నిలబెట్టి, అదే గుడ్డ మూతికి కట్టాలి. పసిపిల్ల ప్రాణం మీదకి తెచ్చాడు వెధవ…

ఏమిటి?… గుడ్డ కాదా. మరి?…

గోనె.

…

తడిగా ఉందా?… ఎండి అట్టలా బిగుసుకుపోయింది.

దాని మీద… ఏమన్నా అచ్చు వేసి ఉందా?… బంగాళాదుంప బొమ్మ.

…

ఉన్నాను. వింటున్నాను. లైను బాగానే ఉంది.

చూడండి అల్లుడుగారూ. అది వేరు. షెడ్డువాడు కట్టడం వేరు, నేను కట్టడం వేరు. అది తడిగోనె. తడిగోనెలోంచి వచ్చే గాలి చల్లబడుతుందా లేదా? పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. మా కోల్డ్ స్టోరేజీలో మిషన్ల గదికి కిటికీ కిటికీకీ తడిగోనె కట్టేవాళ్లం. పైనుంచి నీళ్లు పడుతూనే ఉండేవి. అసలు దాని గుణమే అంత, తడి ఆరకూడదు. మీరు మధ్యలో ఎక్కడైనా ఆగి ఓ చెంబెడు నీళ్లు పోసి ఉంటే…

అవును, మీకు తెలియదు. అవును, నేను చెప్పలేదు. చెబితే వద్దనేవారు కదా… వద్దనేవారు, నాకు తెలుసు. పుస్తకంలో లేదనేవారు.

అయినా మీరు ఆస్పత్రిలో ఎండలో పెట్టబట్టి ఎండింది. నీడలో పెట్టి ఉంటే… అంబులెన్సులు. అవును. విన్నాను.

సరే, విప్పుతున్నారా?… ముడి రావడం లేదా. రాదు, అది బస్తా ముడి. పొడుగు కొసని లోపలికి తోసి, రెండు చేతులతో చెరో వైపూ… ఆ, అలాగే, రెండు చేతులతో గట్టిగా…

ఒక్క నిమిషం. మీ రెండు చేతులూ అక్కడుంటే ఫోను ఎక్కడుంది?…

సీటు మీదా. లోపల. మరి మీకు బయటికెలా వినబడుతోంది?…

స్పీకరు.

మొదట్నుంచీనా?… చెప్పారా? ఎప్పుడు చెప్పారు?… చేతులు ఖాళీ లేవన్నప్పుడా. నేనే 'అదంతా నాకెందుకు' అన్నానా. అన్నాను.

అమ్మడు వెనక సీట్లోనే ఉంది కదూ. నిద్రపోతోంది కదా?… కళ్లు మూసుకుందన్నారు మీరు… అంతే అన్నారు. నిద్ర అన్నది నేను.

…

అమ్మడూ. నాన్నా. బంగారుతల్లీ. ఎప్పుడు లేచావమ్మా?…

అసలు పడుకోలేదా.

అది కాదే. నేనేమన్నాను చెప్పు? మామా అల్లుళ్ల మధ్య పరాచికాలు… కుక్కా? కుక్క సంగతి మన పెరట్లో కుక్క గురించే అన్నాను, మీ ఆయన్ని కుక్కన్నానా?… జీతం మాట అన్నాను. సరే… గొడుగు మాటా? అది కూడా విన్నావా… 'మా అమ్మాయి ఏం చూసి' అన్నది నేను పూర్తి చెయ్యనే లేదు కదే. మధ్యలో ఆపేశాను. నీకిచ్చిన ఒట్టు గుర్తొచ్చే ఆపేశాను…

అన్నీ వరసగా అప్పజెప్పకు. నాకు సిగ్గేస్తోంది.

పాప ఏడుపు వినబడటం లేదేమిటి?… ఇంజను చల్లారాక మళ్లీ వేశారా? ఏసీ వస్తోందా?… చల్లగా. జివ్వున వస్తోందా. హమ్మయ్య. చూశావా మరి, ముందు జాలీ చూడమని నేను చెప్పబట్టే కదా దొరికింది. లేకపోతే మీ ఆయన ఆ పుస్తకం పట్టుకుని సాయంత్రం దాకా…

సరే. సరే, అననులే. అయిపోయింది. బయల్దేరండి. బజారు చివర కూడలిలో కుడివైపు తిరిగితే మన వీధి. నేను గేటు దగ్గర నిలబడతాను…

ఎడమకా? ఎడమకెందుకు?…

మీ వదిన వాళ్లింటికి.

అమ్మడూ, కోపంలో అన్నావు కదా?… కోపం లేదా. కోపం లేకుండా చెబుతున్నావా. అయితే ఇంకా భయంగా ఉంది నాకు.

గది సిద్ధం చేశానే. తెల్లారకముందు నుంచీ. మంచం కిటికీకి దూరంగా జరిపాను, ఏసీ గాలి నేరుగా పాప మీద పడకుండా రెక్కలు పైకి తిప్పాను. మరీ చలి కాకుండా, ఉక్క కాకుండా, పాప పడుకునేచోట చెయ్యి పెట్టి పెట్టి చూసుకున్నాను. ఇప్పుడే మళ్లీ చూశాను. సరిగ్గా ఉందే. ఇంత సరిగ్గా నా ఉద్యోగంలో ఎప్పుడూ కుదరలేదు…

ఏమన్నావు?…

'నోరులేని దుంపల్ని చెయ్యి పెట్టి మరీ తెలుసుకున్నావు, నోరున్న మనిషి చెబుతుంటే ఒక్క మాట వినవు' అన్నావా.

…

లేదు. కొట్టిపారెయ్యడానికేమీ లేదు. నిజమే.

మీ అమ్మకేం చెప్పమంటావు? పొద్దున్నుంచీ గుమ్మంలో… అదా? అదిక్కడ లేదే, గదిలోకి వెళ్లింది. ఏమే… ఏం సర్దుతున్నావు? ఆ పాప బట్టలన్నీ సంచిలో ఎందుకు పెడుతున్నావు?… నువ్వెక్కడికి?… అమ్మడూ, మీ అమ్మ కూడా అక్కడికే వస్తుందట. ఆటోలో వస్తుందట. నా వైపు చూడటం కూడా లేదు.

నేను?… నేను ఇవాళ వద్దా.

సరే తల్లీ. ఇవాళ వద్దులే.

ఫోను ఒకసారి మీ ఆయనకివ్వు… లేదు, ఏమీ అనను. స్పీకరులోనే ఉంచు. నువ్వూ విను.

హలో. అల్లుడుగారూ… ఆ, నేనే. సూది దిగిందా?… దిగింది. పాప పడుకుందా?… పడుకుంది. మంచిది. నెమ్మదిగా నడపండి. మీరు నెమ్మదిగానే నడుపుతారు, నాకు తెలుసు.

ఆ గోనె… పారేశారా. పారెయ్యండి, పారెయ్యండి. ఎందుకది.

ఒక్క మాట… సలహా కాదండీ. అడుగుదామని. రేపు సాయంత్రమో ఎల్లుండో మీ అక్కగారింటికి నడిచి వద్దామనుకుంటున్నాను, అమ్మడు రానిస్తేనే. గేటు బయట నిలబడి చూసి వెళ్లిపోయినా చాలు. అందుకని… రేపు ఎండెలా ఉంటుందంటారు?…

మిమ్మల్నే అడుగుతున్నాను. మీకు తెలుసు కదా అది.

వానా?… రేపు సాయంత్రం? ఈ మండుటెండలో వానేమిటండీ మీ మొహం…

కాదు. కాదు కాదు. అనడం లేదు. నేనేమీ అనడం లేదు. వాన. మీరు వానంటే వానే. గొడుగు తెచ్చుకుంటాను. నిజంగానే తెచ్చుకుంటాను, అమ్మడికి చెప్పండి… వినబడిందా అమ్మడూ? గొడుగు…

హలో?…

అల్లుడుగారూ?…

పెట్టేశారు.

ఏమే… వెళ్తూ వెళ్తూ ఒక్క మాట చెప్పి వెళ్లవే. మన గొడుగు ఎక్కడుంది?